జెండర్ శిక్షణ కోర్సు: మూడో వారం దాకా ఓపిక పట్టండి

ప్రభుత్వ సేవల్లో పనిచేసేవాళ్ల కోసం పెట్టిన ఆన్‌లైన్ జెండర్ కోర్సు ఒకటి మొన్ననే పూర్తి చేశాను. ఐదు వారాలు. చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లు చేరండి, పనికొస్తుంది.

మొదటి రెండు వారాలు మాత్రం నిర్వచనాలే. 1995 బీజింగ్ ప్రపంచ మహిళా సదస్సు, 1997లో ఐక్యరాజ్యసమితి ఆర్థిక సామాజిక మండలి ‘జెండర్ మెయిన్‌స్ట్రీమింగ్’ అనే మాటకి చెప్పిన అర్థం, స్లైడ్ల మీద స్లైడ్లు. అందులో పట్టుకోవాల్సిన ముక్క ఒక్కటే: ఏ పథకమైనా తయారయ్యేటప్పుడే దానివల్ల ఆడవాళ్లకి ఏమవుతుంది, మగవాళ్లకి ఏమవుతుంది అని చూడాలి, అంతా అయ్యాక చివర్లో మహిళల గురించి ఒక పేరా అతికిస్తే సరిపోదు. దీనికి పది నిమిషాలు చాలు.

అసలు కోర్సు మూడో వారంలో మొదలైంది. స్వీడన్‌లో కార్ల్‌స్కూగా అనే పట్టణం ఉంది. అక్కడ మంచు తీసేటప్పుడు ముందు పెద్ద రోడ్లు, తర్వాతే కాలిబాటలు. అందులో తప్పేముందని ఎవరికీ అనిపించలేదు. తీరా చూస్తే కార్లలో వెళ్లేవాళ్లలో మగవాళ్లు ఎక్కువ, నడిచేవాళ్లలో, బస్సెక్కేవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ, మంచులో జారిపడి దెబ్బలు తగిలేదేమో నడిచేవాళ్లకి. అందుకని వరస మార్చి కాలిబాటలు ముందు పెట్టారు.

నాలుగో వారం మీ ఆఫీసు ఫారం ఒకటి తెచ్చుకోండి అన్నారు. నేను రోజూ చూసే దరఖాస్తే తీశాను. పైన ‘కుటుంబ పెద్ద’ గడి, కింద ఒకే ఒక్క ఫోన్ నంబరు. ఓటీపీ దానికే, మెసేజ్ దానికే. భార్య పేరుతో దరఖాస్తు పెట్టినా సమాచారమంతా భర్త ఫోన్‌కి పోతుంది, ఆయనతో పడక విడిగా ఉంటున్న మనిషైతే తన దరఖాస్తు ఏమైందో ఆమెకి తెలిసే దారే లేదు. నంబరు చెప్పమ్మా అంటే "మా ఆయన్ని అడిగి చెప్తానండి" అని వెనక్కి వెళ్లినవాళ్లు ఎంతమందో అప్పుడు గుర్తొచ్చారు. ఇన్నేళ్లూ ఆ గడి నింపించింది నేనే. చాలా బాధేసింది.

లోపాలూ చెప్పాలి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయం ఒక్క స్లైడ్‌తో సరిపెట్టారు, అది అన్యాయం. ఆడ, మగ లెక్కలు విడదీసి చూడమన్నారు, పాత రికార్డుల్లో ఆ వివరమే లేనప్పుడు దేన్ని విడదీస్తాం? బడ్జెట్ పాఠం కూడా అంతే, 1984లోనే ఆస్ట్రేలియా మహిళల బడ్జెట్ (ప్రభుత్వ బడ్జెట్ వల్ల ఆడవాళ్లకి ఏమవుతుందో చూసే లెక్క) మొదలుపెట్టిందని చెప్పి వదిలేశారు. అన్నిటికంటే పెద్ద లోటు, మా బ్యాచ్‌లో అందరం కింది సిబ్బందిమే. ఫారం మార్చే అధికారం ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు. నిర్వాహకులు ముందు వాళ్లని కూర్చోబెట్టాలి.

నా రేటింగ్ 5కి 3.5. రెండో నంబరుకి గడి పెట్టమని పైకి నోట్ పంపాను, ఇంకా జవాబు రాలేదు. అది వచ్చేదాకా కౌంటర్ దగ్గర ప్రతి ఒక్కరినీ నోటితోనే అడుగుతున్నాను, "ఈ ఫోన్ మీ దగ్గరే ఉంటుందామ్మా?" అని.