క్లబ్బు విమానానికి లైకమింగా, రోటాక్సా?

పదిమంది కలిసి రెండు సీట్ల విమానం కొని రేణిగుంటలో ఉంచాలనుకుంటే ముందు తేలాల్సింది ఇంజిన్ సంగతి. సెస్నా 152లోని లైకమింగ్ ఓ-235 గంటకు సుమారు 23 లీటర్ల ఆవ్‌గ్యాస్ (సీసం కలిపిన విమాన పెట్రోలు) తాగుతుంది. రోటాక్స్ 912ఎస్ 18–20తో సరిపెట్టుకుంటుంది, 95 ఆక్టేన్ పెట్రోలుతోనూ నడుస్తుంది. మెలికంతా ఇక్కడే: అది ఒప్పుకునే ఇథనాల్ 10 శాతం, మన బంకుల్లో పోసేది 20. అంటే చివరికి దానికీ ఆవ్‌గ్యాసే గతి. అందులోని సీసం ఆయిల్ ట్యాంకు అడుగున బూడిదరంగు మడ్డిలా పేరుకుంటుంది. 100 గంటలకు మార్చే ఆయిల్ 50కే మార్చాలి.

లైకమింగ్‌లో అదే సీసం కింది స్పార్క్ ప్లగ్గుల్లో చిన్న పూసల్లా గట్టిపడుతుంది. విమానాన్ని నేల మీద నడిపేటప్పుడు మిక్స్చర్ లీవరుతో గాలిలో కలిసే ఇంధనం తగ్గించడం మరిస్తే, ఎగిరే ముందు చేసే మ్యాగ్నెటో చెక్‌లో (ప్లగ్గులకు నిప్పురవ్వనిచ్చే భాగాల పరీక్షలో) ఇంజిన్ గడగడలాడుతుంది. రోటాక్స్‌కు ఆ లీవరే ఉండదు, హాయి.

ఆయిల్ చూడటం మాత్రం లైకమింగ్‌లో తేలిక: డిప్‌స్టిక్ తీస్తే చాలు. రోటాక్స్‌లో ఇగ్నిషన్ ఆపి, ప్రొపెల్లర్‌ను అది తిరిగే దిశలోనే, ఆయిల్ తిరిగి చేరి ట్యాంకులో గుడగుడ వినిపించేదాకా తిప్పాలి. పొరపాటున వెనక్కి తిప్పితే ఆయిల్ లైన్లలో గాలి చేరుతుంది. పది చేతులు మారే బండికి మా ఓటు లైకమింగ్‌కే.

మే నెలలో 42 డిగ్రీలుంటే గాలి పల్చబడి, రెండింటికీ రేణిగుంట రన్‌వే దాదాపు 3,600 అడుగుల ఎత్తున ఉన్నట్టే, పైకి లేవడం కష్టమవుతుంది. ఇద్దరు ఎక్కితే ట్యాంకు నిండా పోయకండి.