తుఫాను రాత్రికి ఏ బేటరీ లైటు మేలు?

కొట్లో టార్చి అని అడిగినా, మా కోనసీమలో ఇంట్లో అందరం బేటరీ లైటనే అంటాం కాబట్టి ఇక్కడా అదే మాట వాడతాను. మాకు కరెంటు పోవడం రెండు రకాలు. ఎండాకాలంలో గంటో రెండు గంటలో పోయి వచ్చేది ఒకటి, దానికి ఏ లైటైనా సరిపోతుంది, ఫోనులో లైటైనా చాలు. తుఫానుకి పోయేది ఇంకొకటి. అలా పోయిన కరెంటు మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, స్తంభాలు పడిపోతే రోజులే పడుతుంది. లైటు కొనేటప్పుడు ఈ రెండో రకాన్నే మనసులో పెట్టుకుని కొనాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఎందుకంటే 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటినప్పుడు మా ఇంట్లో ఉన్నది ప్లగ్గులో పెట్టే ఛార్జింగ్ లైటు ఒక్కటే. పగలంతా ఛార్జింగ్ పెట్టి ఉంచాను కూడా. రాత్రి కొబ్బరి మట్టలు పెంకుల మీద దబదబా పడుతుంటే, పాక కూలుతుందేమోనని అమ్మ గేదెని విప్పి తేవడానికి బయల్దేరింది. నేను వెనకాల లైటు పట్టుకుని వెళ్ళాను. తడిసిన పలుపు ముడి బిగుసుకుపోయి రావడం లేదు. ఆ ముడి విప్పేలోపే వెలుగు తగ్గి తగ్గి మిణుగురులా అయిపోయింది. పక్కింటి మావయ్యగారు రెండు సెల్లుల చిన్న లైటు పట్టుకొచ్చి చూపిస్తే గానీ ముడి ఊడలేదు. మర్నాడు నా లైటు ఉన్నా లేనట్టే, పెట్టడానికి కరెంటు ఏది? ఆయన లైటుకి మాత్రం ఊళ్ళో కిరాణా కొట్లో సెల్లు దొరుకుతూనే ఉన్నాయి.

ఈ ప్లగ్గు లైట్లలో చవకవాటిల్లో ఎక్కువగా ఉండేది 4 వోల్టుల లెడ్ యాసిడ్ బేటరీ. అంటే స్కూటర్ బేటరీకి చిన్న తమ్ముడు. దాన్ని వాడకుండా మూల పడేస్తే తనంతట తనే దిగిపోతుంది, దిగిపోయిన స్థితిలో నెలల తరబడి ఉంటే లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడి ఇక ఛార్జింగ్ పట్టదు. తుఫాను లైటు ఏడాదిలో పది నెలలు మూలనే ఉంటుంది కదా, మరి ఇలాంటి బేటరీ అక్కడ ఎలా బతుకుతుంది? ఇంకో సంగతి, ఈ రకంలో చాలావాటికి లోపల వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, 230 వోల్టులు ఒక కెపాసిటర్ గుండా నేరుగా వస్తాయి. అందుకని ఛార్జింగ్‌లో ఉండగా తడి చేత్తో ముట్టుకోకండి, స్విచ్ వేయకండి, పిల్లలకి అందనివ్వకండి. నా మట్టుకు నేను ఇది మళ్ళీ కొనను.

రెండోది లిథియం లైటు, ఫోను ఛార్జర్ వైరుతో ఎక్కేది. వీటిలో ఎక్కువగా వాడే సెల్లుని 18650 అంటారు, 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. బేటరీలో ఎంత సత్తా ఉందో తెలియాలంటే వోల్టుల్ని ఎంఏహెచ్‌తో (సెల్లు మీద mAh అని రాసి ఉండే అంకె) గుణించి వెయ్యితో భాగించండి, వాట్ అవర్లు వస్తాయి. 3.7 వోల్టులు, 2600 ఎంఏహెచ్ ఉంటే దాదాపు 9.6 వాట్ అవర్లు. ఇంట్లో మసలడానికి, పెరట్లోకి వెళ్ళి రావడానికి 50 ల్యూమెన్లు (వెలుగుని కొలిచే లెక్క) చాలు, మంచి ఎల్ఈడీ దానికి సుమారు అర వాటు తీసుకుంటుంది. అంటే లెక్కలో పందొమ్మిది గంటలు, చేతికి వచ్చేసరికి పదిహేను అనుకున్నా మూడు రాత్రులు గడుస్తాయి. అదే లైటుని 1000 ల్యూమెన్ల మీద పెడితే గంట చుట్టుపక్కల ఖాళీ. కాబట్టి డబ్బా మీద పెద్ద అంకె చూసి మురిసిపోకుండా తక్కువ వెలుగు మెట్టు ఉందో లేదో చూడండి. సెల్లు మీద 9900 ఎంఏహెచ్ అని రాసి ఉంటే అది అబద్ధం, ఆ సైజులో పేరున్న కంపెనీలవి కూడా 3500 దాటడం అరుదు. చేతిలో పట్టుకుంటే తెలుస్తుంది, అసలుది 45 గ్రాములకి అటూ ఇటూ బరువుంటుంది, దొంగ సరుకు చాలావరకు తేలిగ్గా ఉంటుంది.

దీనితో మన వైపు వాళ్ళకి ఇంకో సౌకర్యం కూడా ఉంది. కరెంటు లేకపోయినా పవర్ బ్యాంకుతోనో, కారులోనో, రొయ్యల చెరువు దగ్గర నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరేటర్లకి పెట్టిన జనరేటర్ దగ్గరో ఎక్కించుకోవచ్చు. చెరువు కాపలాకి, చేలో రాత్రి నీళ్ళు పెట్టడానికి వెళ్ళేవాళ్ళకి నేను కళ్ళు మూసుకుని ఇదే చెబుతాను. కట్లపాము తిరిగేది రాత్రిపూటే, గట్టు మీద అడుగు ముందు ఏముందో స్పష్టంగా కనపడాలి. వానలో లైటుని కళ్ళ ఎత్తున కాకుండా నడుము దగ్గర పట్టుకోండి, చినుకుల మీద పడిన వెలుగు తిరిగి కళ్ళలో కొట్టదు. నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు ఐపీఎక్స్ (IPX), అందులో ఐపీఎక్స్ 4 అంటే చినుకులకి తట్టుకుంటుంది, ఐపీఎక్స్ 7 అయితే మీటరు లోతు నీళ్ళలో అరగంట పడి ఉన్నా పరవాలేదు. కాలువ గట్ల మీద తిరిగేవాళ్ళు రెండోది తీసుకోవడమే మంచిది. వైరు పెట్టే రంధ్రానికి రబ్బరు మూత గట్టిగా ఉండాలి, సముద్రపు గాలికి అక్కడే ముందు తుప్పు పడుతుంది.

ఇక సెల్లులు వేసే లైటు. పాతకాలం ఇత్తడివి కావు, ఇప్పటి ఎల్ఈడీవి. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్లు రెండు, ఆల్కలైన్‌వి, కలిపి ఐదారు వాట్ అవర్లు ఇస్తాయి, అంటే 50 ల్యూమెన్ల మీద ఎనిమిది గంటల పైమాటే. లిథియంతో పోలిస్తే తక్కువే, ఒప్పుకుంటాను. కానీ అయిపోతే కరెంటు కోసం చూడక్కర్లేదు, ఇంకో జత వేస్తే చాలు. ఆల్కలైన్ సెల్లు విప్పకుండా ఉంచితే ఏళ్ళ తరబడి నిల్వ ఉంటాయి. చవక మామూలు సెల్లు మాత్రం లైటులోనే వదిలేయకండి, కారిపోయి స్ప్రింగు మీద తెల్లటి పొడి పేరుకుని, అవసరానికి వెలగదు. ఆల్కలైన్‌వీ కారతాయి, కాబట్టి ఏవైనా సరే తీసి పక్కన పెట్టడమే పద్ధతి.

హోల్డర్‌లో పెట్టే ఇన్వర్టర్ బల్బు, అంటే లోపలే బేటరీ ఉండి కరెంటు పోయినా వెలిగేది, గంటా రెండు గంటల కోతకి బాగుంటుంది, పిల్లలు చదువుకోవచ్చు. స్విచ్ వేసి ఉంటేనే వెలుగుతుందని గుర్తుంచుకోండి. దాన్ని పట్టుకుని పెరట్లోకి వెళ్ళడం మాత్రం కుదరదు. సోలార్ లాంతరు సంగతి సరే, తుఫాను మబ్బులో ఎండ ఎక్కడిది?

ఒక్కటే కొనగలిగితే, ఇంటికి సెల్లుల లైటే కొనండి. ఇంకో ఐదారు వందలు పెట్టగలిగితే సెల్లు బయటికి తీసి మార్చుకోగలిగే లిథియం లైటు దానికి తోడు. గది మొత్తం వెలుగు కావాలంటే స్లాబు ఇంట్లో లైటుని పైకి తిప్పి నిలబెడితే తెల్లటి సీలింగ్ వెలుగుని పంచుతుంది. మా పెంకుటింట్లో అది కుదరదు, అందుకని లైటు మొహం మీద తెల్లటి ప్లాస్టిక్ పాల సీసా బోర్లిస్తాం, లాంతరులా వెలుగు పరుచుకుంటుంది.

ఇప్పుడు మా ఇంట్లో రెండు సెల్లుల లైటు వీధి తలుపు పక్కన మేకుకి వేలాడుతోంది. నాలుగు ఆల్కలైన్ సెల్లు మూత బిగుతుగా ఉన్న డబ్బాలో వేసి, చీకట్లో తడిమినా చేతికి తగిలేలా దాని కిందే అల్మారా మీద పెట్టాను. అమ్మ అప్పుడప్పుడు మూత తీసి లెక్క చూసుకుంటుంది.