లుటియోవైరస్‌లు: మోసే పురుగును బట్టి చూడాలా, జన్యువును బట్టా?

బార్లీ, గోధుమ, ఓట్స్ పైర్లలో ఆకులు పసుపెక్కి, మొక్క గిడసబారిపోయే తెగులు ఒకటుంది. పేరు బార్లీ ఎల్లో డ్వార్ఫ్. ఇది వైరస్ పనేనని 1951లో కాలిఫోర్నియాలో తేల్చారు. మోసుకొచ్చేది పేనుబంక. ఇలాంటి వైరస్‌లన్నిటినీ కలిపి లుటియోవిరిడే అనే కుటుంబంగా పెట్టారు. లాటిన్‌లో లూటియస్ అంటే పసుపు. 2021లో అంతర్జాతీయ వైరస్ వర్గీకరణ కమిటీ ఆ కుటుంబాన్నే ఎత్తేసి, సభ్యులను రెండు వేర్వేరు కుటుంబాల్లో సర్దేసింది. వైరస్‌లు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. మరి పాత లెక్క మేలా, కొత్త లెక్కా?

పాత లెక్క బలమంతా వీటి బతుకుతీరులో ఉంది. ఈ వైరస్‌లు మొక్కలో ఆహారం ప్రవహించే నాళాలను దాటి బయటికి దాదాపుగా రావు. ఆకు రసం పూసినంత మాత్రాన చాలావరకు అంటుకోవు. పేనుబంక గంటల తరబడి ఆ రసం పీల్చాలి. అప్పుడు వైరస్ పేగు గోడ దాటి, ఒంట్లోని ద్రవంలో కలిసి, లాలాజల గ్రంథికి చేరి, ఉమ్మితో పాటు తర్వాతి మొక్కలోకి దిగుతుంది. పురుగు లోపల పెరగదు, పిల్లలకు సంక్రమించదు, కానీ ఒకసారి ఎక్కిందంటే ఆ పురుగు బతికున్నన్నాళ్లూ దాదాపుగా దిగదు. ఈ ప్రయాణానికి తాళంచెవి వైరస్ పైతొడుగు ప్రోటీన్. కుటుంబమంతటికీ ఉమ్మడి ఆస్తి అదే.

అమెరికాలో రోచో అనే శాస్త్రవేత్త బార్లీ వైరస్ రకాలను మోసే పేనుబంక పేరుతోనే విడదీశాడు. రోపలోసైఫమ్ పాడి మోస్తే ఆర్పీవీ, మాక్రోసైఫమ్ అవీనే మోస్తే ఎంఏవీ, రెండూ మోస్తే పీఏవీ. తమాషా ఏమిటంటే, ఆ రెండో పురుగు పేరు తర్వాత సైటోబియాన్‌గా మారింది, వైరస్‌కు మాత్రం పాత అక్షరాలే మిగిలాయి. రెండు రకాలూ ఒకే మొక్కలో ఉంటే ఎంఏవీ జన్యువు ఆర్పీవీ తొడుగు వేసుకుని, మామూలుగా తనను మోయని పురుగు మీద కూడా సవారీ చేస్తుందని 1970లో ఆయనే చూపించాడు. అంటే పురుగు గుర్తుపట్టేది తొడుగునే, లోపలున్న వైరస్‌ను కాదు. పాత లెక్కలో బొక్క ఉన్నది సరిగ్గా ఇక్కడే.

కొత్త లెక్క తొడుగు విప్పి చూస్తుంది. వైరస్ జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏకు నకళ్లు తీసే ఎంజైమ్‌ను బట్టి, పాత కుటుంబంలో ఒక గుంపైన అసలు లుటియోవైరస్‌లు (పీఏవీ, ఎంఏవీ ఇందులోవే) టోంబస్‌విరిడేకి, మిగతా గుంపులైన పోలెరో, ఎనామో వైరస్‌లు సోలెమోవిరిడేకి వెళ్లాయి. ఎప్పుడో జన్యువులు కలగలిసి, దాదాపు ఒకే తొడుగు రెండు వేర్వేరు యంత్రాలకు అతుక్కుందన్నమాట. ఆర్పీవీ అయితే బార్లీ ఎల్లో డ్వార్ఫ్ వైరస్‌ల జాతి కానే కాదని తేలి, పేరు సీరియల్ ఎల్లో డ్వార్ఫ్ వైరస్ అయింది. బంగాళదుంప ఆకులను చుట్టేసే లీఫ్‌రోల్ వైరస్‌కు అది దగ్గరి చుట్టం.

ఇదంతా కాగితం మీది గొడవ అనుకోవద్దు. బార్లీలో రైడ్-2 అనే నిరోధక జన్యువు పీఏవీ, ఎంఏవీలను బాగా అడ్డుకుంటుంది, ఆర్పీవీ మీద పనిచేయదు. విత్తన రకాలు తయారుచేసే వాళ్లకు కొత్త లెక్కే కావాలి. మందు ఎప్పుడు కొట్టాలో తేల్చుకునే రైతుకు మాత్రం పాతదే నయం. పురుగు ఎక్కువసేపు పీల్చాలి కాబట్టి, ఈలోగా మందు దాన్ని చంపే వీలుంది. మొక్కను ఇలా కుట్టి అలా ఎగిరిపోతూ అంటించే వైరస్‌ల విషయంలో అంత వ్యవధి ఉండదు.

పేరు పెట్టడం వరకు నా ఓటు జన్యువుకే. తొడుగు అరువు తెచ్చుకోగలిగినది, దాన్ని బట్టి చుట్టరికం కలపలేం. అయితే బఠాణీ ఎనేషన్ మొజాయిక్ తెగులు దగ్గర ఏదో ఒక్క లెక్కతో పని జరగదు. దాని వెనకున్నవి రెండు వైరస్‌లు. ఒకటి సోలెమోవిరిడేది, తొడుగు దానిదే. రెండోది టోంబస్‌విరిడేది, దానికి సొంత తొడుగే లేదు. మొదటిది రెండోదానికి తన తొడుగిచ్చి పేనుబంక ఎక్కిస్తుంది, రెండోది మొదటిదాన్ని మొక్కలో నాళాలు దాటించి కణం నుంచి కణానికి తీసుకెళ్తుంది.