బిజినెస్ కోచ్‌తో రెండున్నరేళ్ళు: బరంపురం అప్పడాల ఇంటి నుంచి నా సమీక్ష

ఒడిశాలోని బరంపురంలో పెద్ద బజారు దగ్గర మాది అప్పడాలు, వడియాలు, పచ్చళ్ళ వ్యాపారం. మా మావగారు పెట్టింది. ఆయన పోయాక నేనూ మా ఆయనా నడుపుతున్నాం. సరుకు సగం ఊళ్ళో, గంజాం జిల్లా చుట్టుపక్కల పోతుంది. మిగతాది ఇచ్ఛాపురం, శ్రీకాకుళం వైపు. 2023 జూన్ నుంచి ఒక బిజినెస్ స్ట్రాటజీ కోచ్‌తో పనిచేస్తున్నాను. ఆవిడ ఉండేది విశాఖపట్నంలో. మొదటి రెండేళ్ళూ నెలకు రెండుసార్లు గంటన్నర చొప్పున వీడియో కాల్, మూడు నెలలకోసారి ఇక్కడికే వచ్చి ఒక పూట ఉంటారు. మాలాంటి చిన్నవాళ్ళు కోచ్‌ని పెట్టుకోవచ్చా, పెట్టుకుంటే ఏమొస్తుంది అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి దాచకుండా రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. ఫీజు నెలకు 14,000. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 16,520. అప్పడానికి జీఎస్టీ లేదు. పన్ను లేని సరుకు అమ్మేవాళ్ళకి, దానికోసం కొన్నవాటి మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. పచ్చళ్ళ వాటాకి కొంచెం వచ్చినా, ఆ 2,520లో ఎక్కువ భాగం మాకు ఖర్చు కిందే పోతుంది. ఫీజు ఎంతని అడిగేటప్పుడు ఈ లెక్క కూడా వేసుకోండి. నాకు ఇది మూడో బిల్లు వచ్చాక గానీ తెలియలేదు.

మా ఆయన మొదట్లో గట్టిగా వద్దన్నారు. దానికి కారణం ఉంది. అంతకుముందు ఏడాది ఒక నగరంలో పెద్ద హోటల్లో మూడు రోజుల వర్క్‌షాప్ అంటే 45,000 కట్టి వెళ్ళాం. పాటలు, చప్పట్లు, అందరం లేచి నిలబడి టర్నోవర్ టార్గెట్ గట్టిగా అరవడం. తిరిగొచ్చాక మా దగ్గర మిగిలింది ఒక రంగుల ఫైలు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది, ఎందుకంటే ఆ డబ్బు మినప్పప్పు స్టాక్ కోసం దాచింది.

మన దేశంలో కోచ్ అనిపించుకోవడానికి లైసెన్స్ ఏమీ అక్కర్లేదు, ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ అని 1995లో మొదలైన సంస్థ ఇచ్చే గుర్తింపు మాత్రం ఉంది. అందులో కింది మెట్టు ఏసీసీకి కనీసం 100 గంటలు, మధ్య మెట్టు పీసీసీకి 500, పై మెట్టు ఎంసీసీకి 2,500 గంటలు కోచింగ్ చేసిన అనుభవం చూపించాలి. మా కోచ్‌కి పీసీసీ ఉంది. కానీ నాకు నమ్మకం కుదిరింది దానివల్ల కాదు. తన పాత క్లయింట్లు ఇద్దరి నంబర్లు ఇచ్చి, "నేను లేకుండా మాట్లాడండి, నా వల్ల జరగనిది ఏమిటో కూడా అడగండి" అన్నారు. అందుకే కుదిరింది.

కోచ్ వేరు, కన్సల్టెంట్ వేరు. కన్సల్టెంట్ వచ్చి చూసి, ఏం చెయ్యాలో రాసిస్తాడు. కోచ్ అడుగుతుంది, మనచేత చేయిస్తుంది. ఈ తేడా తెలియక మొదటి రెండు నెలలు "ఏం చెయ్యాలో చెప్పండి మేడమ్" అని అడుగుతూనే ఉన్నాను. ఆవిడ తిరిగి ప్రశ్నే వేసేవారు. చిరాకేసేది. మానేద్దామనుకున్నాను కూడా. మానకపోవడానికి కారణం ఆవిడ మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజు జరిగింది.

ఆ రోజు ప్యాకింగ్ గదిలో పీట మీద కూర్చుని అత్తయ్య చేస్తున్న పని చూశారు. అత్తయ్య ఇరవై అప్పడాలు లెక్కపెట్టి, పైన ఇంకొకటి వేసి సీలింగ్‌కి ఇస్తున్నారు. లెక్కకి ఇరవై, కొసరుకి ఒకటి. అది మావగారి కాలం నుంచి వస్తున్న పద్ధతి. ఆవిడ కాటా అడిగారు. పది పాకెట్లు ఒక్కొక్కటే తూచి కాగితం మీద రాశారు: 207, 213, 211, 209, 214, 210, 212, 208, 215, 211. పాకెట్ మీద అచ్చు వేసింది 200 గ్రాములు.

"పిన్నిగారూ, ఈ కొసరు వేసినట్టు కొన్నవాళ్ళకి తెలుస్తుందా అండీ?"

"ఇంట్లో లెక్కపెట్టుకోరేంటమ్మా?"

"పాకెట్ మీద 200 గ్రాములని ఉంది. ఇరవై అని లేదు కదండీ."

అత్తయ్య చేతిలో అప్పడం అలాగే పట్టుకుని కాసేపు మాట్లాడలేదు. తరవాత, "మా ఆయన గంపతో వీధుల్లో అమ్మేవారు. వాళ్ళ కళ్ళముందే ఒకటి ఎక్కువ వేసేవారు" అన్నారు.

కోచ్ ఇంకేమీ అనలేదు. నెలకు ఆరు వేల పాకెట్లు, పాకెట్‌కి సగటున 11 గ్రాములు, అంటే 66 కేజీల అప్పడాలు ఎవరికీ తెలియకుండా ఇచ్చేస్తున్నాం. కొసరు మానేస్తే అత్తయ్య మనసు కష్టపడుతుందని నాకు భయం. దారి చూపించింది అత్తయ్యే. పాకెట్‌లో తూకం ప్రకారం వేద్దాం, మన కొట్టుకి వచ్చినవాళ్ళకి మాత్రం చేతిలో ఒక అప్పడం పెడదాం అన్నారు. ఇప్పుడు అలాగే చేస్తున్నాం. పిల్లల్ని తీసుకొచ్చే ఆడవాళ్ళు ఆ అప్పడం అడిగి మరీ తీసుకుంటారు.

అయితే సరిగ్గా 200 వేస్తే కుదరదు. అప్పడం పాకెట్‌లో కూడా ఆరుతుంది. ఆరు పాకెట్లు గదిలో నెలరోజులు ఉంచి తూచాం, రెండు మూడు గ్రాములు తగ్గాయి. పాకెట్లు సగటున అచ్చు వేసిన దానికంటే తక్కువ ఉంటే తూనికలు కొలతల చట్టం ప్రకారం తప్పు. అందుకే 204 పెట్టుకున్నాం. పలచనివి రెండు తీసి మందమైనవి వేసి సరిచేస్తారు మా ఆడవాళ్ళు. పాకెట్‌కి 7 గ్రాములు మిగిలాయి, నెలకు 42 కేజీలు. కొట్లకి మేమిచ్చే ధరకి అది పదకొండున్నర వేలు.

రెండో పెద్ద మార్పు అరువులో వచ్చింది. 38 కొట్ల దగ్గర మాకు రావాల్సింది 6,40,000. అందులో ఒక్క కొట్టే 1,12,000. ఆ పెద్దాయన మావగారి స్నేహితుడు, మేమంతా మావయ్యగారూ అంటాం. ఆయన్ని డబ్బు అడగాలంటే నాకు గొంతు పెగలదు. కోచ్‌కి అదే చెప్పాను. ఆవిడ, "సరే, ఇప్పుడు నేనే ఆ మావయ్యగారిని. అడగండి" అన్నారు.

నేను మొదలుపెట్టాను. ఆవిడ వెంటనే, "అమ్మా, మీ మావగారు ఉన్నప్పుడు నన్నెప్పుడూ ఇలా అడగలేదు" అన్నారు. అచ్చం ఆయన అనే మాటే. నాకు నోట మాట రాలేదు. మళ్ళీ చేయించారు. మూడోసారి, నాలుగోసారి. నాలుగోసారికి నా నోటివెంట, "ఆయన ఉన్నప్పుడు మినప్పప్పు కూడా అరువుకే వచ్చేది మావయ్యగారూ, ఇప్పుడు మాకు ఎవరూ ఇవ్వట్లేదు" అని వచ్చింది. అది నిజం. అంతకాలం ఆ నిజం చెప్పడం నాకు తోచలేదు.

మర్నాడు వెళ్ళి అదే చెప్పాను. ఆయన కాసేపు అటూ ఇటూ చూసి, వారానికి 5,000 ఇస్తానన్నారు. ఆరు నెలలలోపే తీర్చేశారు. ఇప్పటికీ మా సరుకే అమ్ముతున్నారు. మిగతా కొట్లకి పాత బిల్లు కడితేనే కొత్త సరుకు అని పెట్టాం. నాలుగు కొట్లు పోయాయి. అరువు ఇప్పుడు 1,90,000కి దిగింది. చిన్న పరిశ్రమల దగ్గర కొన్నవాళ్ళు 45 రోజులు దాటకుండా కట్టాలని చట్టం ఉంది, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉంటే అడగొచ్చు అని కూడా కోచ్ చెప్పారు. పెద్ద సూపర్ మార్కెట్ల దగ్గర అది పనికొస్తుంది. తరాల చుట్టరికం ఉన్న కొట్టు దగ్గర చట్టం మాట ఎత్తితే ఆ కొట్టు పోయినట్టే.

"ఏడాదిలో ఎండ లేక పని ఆగిన రోజులు ఎన్ని?" అని ఒకసారి అడిగారు. చాలా రోజులే అన్నాను. "చాలా అంటే?" అత్తయ్య గోడ క్యాలెండర్ మీద ఎండ లేని రోజున సున్నా చుడతారు, కూలి లెక్క కోసం. దించి లెక్కపెడితే 83 ఉన్నాయి. గోపాలపూర్ సముద్రం పక్కనే ఉన్న ఊరు మాది, 2013లో ఫైలిన్ తుపాను తీరం దాటింది అక్కడే. వానలూ ముసురూ మాకు కొత్త కాదు. అయినా ఆ 83 అంకె చూశాకే డ్రైయర్ కొనాలని నిర్ణయించుకున్నాం. చిన్న ఆహార పరిశ్రమలకి 35 శాతం సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకంలో దరఖాస్తు పెట్టుకున్నాం. ఒక బ్యాంకులో ఆ ఫైలు ఎనిమిది నెలలు కదలలేదు. ఈ విషయంలో కోచ్ చేయగలిగింది ఏమీ లేదు, ఆవిడ ముందే ఆ మాట చెప్పారు. డ్రైయర్ వాన రోజుల్లోనే వాడతాం. ఎండలో ఆరిన అప్పడం పొంగే తీరు వేరు.

ఇక కుదరనివి. మొదటి ఏడాది గుమ్మడి వడియాలు మానేద్దామనే నిర్ణయానికి వచ్చాం. లెక్క ప్రకారం వాటిలో మిగిలేది తక్కువ. అది కూడా నవంబర్ నుంచి. కార్తీకంలో ఇక్కడి ఒడియా ఇళ్ళలో చాలామంది నెలంతా నీచు ముట్టరు, చివరి ఐదు రోజుల పంచుక అయితే మరీ నిష్ఠ. బడి (వడియాలకి ఒడియా పేరు), అప్పడం లేని పళ్ళెం ఉండదు. ఇది నాకు తెలుసు. కానీ ఆవిడ లెక్కల ముందు గట్టిగా చెప్పలేకపోయాను. వడియాలు లేవనేసరికి కొట్లవాళ్ళు వేరేవాళ్ళ దగ్గర బడితో పాటు అప్పడాలు కూడా తీసుకున్నారు. ఆ నెల దెబ్బ తిన్నాం. ఆవిడ తప్పు ఒప్పుకున్నారు. తరవాత సెషన్లో మొదటి అరగంట నాచేత ఈ ఊరి క్యాలెండర్ చెప్పించుకుని రాసుకున్నారు: రెండేళ్ళకోసారి వచ్చే బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్ర, పెళ్ళిళ్ళ నెలలు, సూరత్ మగ్గాల్లో పనిచేసే మన జిల్లావాళ్ళు సెలవుకి వచ్చి వెళ్ళే రోజులు. స్టేషన్ దగ్గర కొట్టులో కొనేవాళ్ళలో సగం మంది సూరత్ రైలెక్కే కుర్రాళ్ళని గమనించి, విరగకుండా డబ్బాలో పెట్టిన కేజీ ప్యాక్ తెచ్చింది అప్పుడే. అది బాగా పోతోంది. ఆన్‌లైన్ అమ్మకం మాత్రం ఐదు నెలలు ప్రయత్నించి మానేశాం. సగం అప్పడాలు దారిలోనే ముక్కలయ్యేవి.

నాకు అన్నిటికంటే పెద్ద లోటనిపించింది భాష. ఆవిడకి ఒడియా రాదు. మా దగ్గర అప్పడాలు ఒత్తే పద్నాలుగు మందిలో తొమ్మిది మంది ఒడియావాళ్ళే. వాళ్ళు చెప్పింది నేను తెలుగులో చెప్పేటప్పుడు దాని పదును తగ్గిపోయేది, ఎంతైనా యజమానిని కదా. కేజీకి ఇచ్చే కూలి చాలట్లేదని వాళ్ళు ఏడాదిగా అంటున్నారు. ఆ మాట కోచ్ దాకా పూర్తిగా చేరలేదు. ఇద్దరు మానేశాకే చేరింది. తరవాత ఆవిడ ఒడియా వచ్చిన అమ్మాయిని వెంటబెట్టుకొచ్చి, నన్ను పక్క గదిలో కూర్చోమని, వాళ్ళతో విడిగా మాట్లాడారు. కూలి పెంచాం. సరిహద్దు ఊళ్ళలో ఉన్నవాళ్ళు కోచ్‌ని పెట్టుకునే ముందే ఈ ఏర్పాటు అడగండి.

మొదటి ఏడాది ప్రతి రూపాయికీ ఫలితం కనబడింది. రెండో ఏడాది కూడా పరవాలేదు. ఆ తరవాత నెలకు రెండు కాల్స్ ఎక్కువనిపించాయి, చెప్పిందే చెబుతున్నాను. నేనే ఆ మాట అంటే ఆవిడ ఏమీ అనుకోకుండా మూడు నెలలకోసారికి మార్చారు. ఇలా తగ్గించుకోవచ్చని ఒప్పందంలో ముందే రాయించుకోవడం మంచిది. రోజువారీ లెక్క రాసే ఓపిక లేనివాళ్ళు మాత్రం ఈ డబ్బు పెట్టకండి. రాసుకున్న అంకెలు లేకపోతే కోచ్‌కి అడగడానికి ఏమీ ఉండదు.

కిందటి సెషన్లో అడిగిన ప్రశ్నకి నా దగ్గర ఇంకా జవాబు లేదు: "పది రోజులు మీరు లేకపోతే ఏది ఆగుతుంది?" చూద్దామని, వచ్చే నెల పర్లాకిమిడిలో మా అక్క ఇంటికి వెళ్తున్నాను. తాళాల గుత్తి అత్తయ్యకి, కాటా పుస్తకం మా ఆయనకి అప్పగించాను. ఫోన్ సాయంత్రం ఒక్కసారే చేస్తానని చెప్పాను.