ఇజు సముద్రతీరంలో ఒక రాత్రి: పెద్ద హోటలా, చిన్న ర్యోకానా, సొంత స్నానపు తొట్టి ఉన్న గదా?

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు. ఫూజీ కొండ చూశారు, అసాకుసా గుడి చూశారు. ఇక ఒక రాత్రి ఎక్కడికైనా వెళ్దామంటే టోక్యోలో ఉండే తెలుగువాళ్లకు దగ్గర్లో ఉన్నది ఇజు ద్వీపకల్పం. షింకాన్‌సెన్‌లో ముప్పావు గంటకి అతామి. అక్కడినుంచి ఇతో మీదుగా షిమోదా దాకా రైలుంది. మధ్యమధ్య సొరంగాలు, మధ్యమధ్య సముద్రం. హొక్కావా, అతగావా, ఇనతోరి, దారిలో ఏ ఊళ్లో దిగినా ఒన్‌సెన్, అంటే భూమిలోంచి వచ్చే వేడినీళ్లుంటాయి. అసలు టెన్షన్ గది బుక్ చేసేటప్పుడు మొదలవుతుంది.

ఎంచుకోవడానికి మూడు రకాలున్నాయి. మొదటిది పెద్ద హోటల్: అంతస్తులకు అంతస్తులు, ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేర్వేరుగా పెద్ద స్నానశాలలు, రాత్రికి బఫే. రెండోది ఒక కుటుంబం నడుపుకునే ఏడెనిమిది గదుల ర్యోకాన్, అంటే జపాన్ పద్ధతి సత్రం. ఇక్కడ రెండు మూడు చిన్న తొట్టిగదులుంటాయి, వంతు ప్రకారం మన కుటుంబం వరకే లోపలికి వెళ్లి గడియ పెట్టుకోవచ్చు. దీన్ని కషికిరి అంటారు. మూడోది బాల్కనీలోనే సొంత తొట్టి ఉన్న ఖరీదైన గది. పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి వెళ్తుంటే నా ఓటు రెండోదానికే. కాకపోతే తిండి దగ్గర ఒక పెద్ద మెలిక ఉంది, దాని సంగతి తర్వాత.

ముందు సిగ్గు గురించి మాట్లాడుకోవాలి. పెద్ద స్నానశాలలో ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు. ఈతదుస్తులు కూడా వద్దంటారు. జపాన్‌వాళ్లకు ఇది చిన్నప్పటినుంచీ అలవాటు. మన మామగారూ అల్లుడుగారూ పక్కపక్కన కూర్చుని ఒళ్లు రుద్దుకోవాలంటే మాత్రం ఇద్దరూ ఆ రాత్రి స్నానం మానేసి టీవీ చూస్తారు. ఇంకో చిక్కు పిల్లలతో. మగపిల్లల్ని ఆడవాళ్ల వైపుకో, ఆడపిల్లల్ని మగవాళ్ల వైపుకో తీసుకెళ్లే వయసు హద్దును 2020లో ఆరోగ్యశాఖ మార్చింది, ఏడేళ్లు నిండినవాళ్లు వద్దంది. అంటే తల్లి ఒక్కతే ఎనిమిదేళ్ల కొడుకుని తీసుకొస్తే, వాడు మగవాళ్ల వైపు ఒంటరిగా వెళ్లాల్సిందే. పచ్చబొట్లున్నవాళ్లు రాకూడదనే గొడవ సరేసరి. ఆ నియమం యాకూజా అనే నేరగాళ్ల ముఠాల కోసమని అందరికీ తెలుసు, కానీ మా అమ్మమ్మ తరంవాళ్ల ముంజేతి మీది పచ్చబొట్టు కూడా బోర్డు ప్రకారం పచ్చబొట్టే. గడియ పెట్టుకునే తొట్టిగదిలో ఈ మూడు సమస్యలూ ఉండవు.

వాడుకునే పద్ధతి కష్టమేమీ కాదు. కొన్నిచోట్ల చెక్-ఇన్ అప్పుడే ముప్పావు గంట చొప్పున టైమ్ రాసిస్తారు. ఇంకొన్నిచోట్ల ఆ పద్ధతి కూడా లేదు. తలుపు ముందు చెప్పులు లేకపోతే ఖాళీ అన్నట్టే, వెళ్లి తలుపు మీది ‘ఖాళీ’ బిళ్ల తిప్పి గడియ వేసుకోవడమే. భోజనానికి ముందు, సాయంత్రం ఐదు ప్రాంతంలో అందరూ ఎగబడతారు. తొమ్మిది దాటాక వెళ్తే హాయి. ఇజు తూర్పు తీరంలో ఉంటే తెల్లవారుజామున వెళ్లండి. సూర్యుడు సముద్రంలోంచే వస్తాడు, మబ్బు లేకపోతే ఎదురుగా ఓషిమా దీవి కూడా కనిపిస్తుంది. అయితే చిన్న ర్యోకాన్లలో కొన్ని తొట్టిగదులకు సముద్రం కనిపించదు, చుట్టూ వెదురు దడి మాత్రమే. ఫొటోలో ఉన్న తొట్టి ఏదో అడిగి తెలుసుకోండి. పెద్ద హోటళ్లలోనూ కషికిరి ఉంటుంది, కానీ ఒక్కో విడతకు రెండు మూడు వేల యెన్లు విడిగా వసూలు చేసేవే ఎక్కువ. చిన్నచోట్ల చాలావరకు ఉచితం.

నీళ్ల విషయానికొస్తే, ఒన్‌సెన్ అన్న బోర్డు చూసి మురిసిపోకూడదు. 1948 నాటి చట్టం ప్రకారం భూమిలోంచి వచ్చే నీరు 25 డిగ్రీలుంటే చాలు, ఒన్‌సెన్. అంత వేడి లేకపోయినా, చెప్పిన 19 పదార్థాల్లో ఏ ఒక్కటైనా తగినంత ఉంటే అదీ ఒన్‌సెనే. 2004లో నగానోలోని షిరహొనే అనే పేరున్న ఊళ్లో తెల్లరంగు కోసం స్నానపు పొడి కలుపుతున్నారని బయటపడి పెద్ద గొడవైంది. మరుసటి ఏడాది నుంచి మామూలు నీళ్లు కలిపినా, వేడి చేసినా, అవే నీళ్లు తిప్పి వాడినా, స్నానపు పొడో క్రిములను చంపే మందో వేసినా బట్టలు మార్చుకునే గదిలో రాసిపెట్టాలి. ఆ కాగితం ముందు ఫోన్ పెట్టి అనువాదం చూసుకుంటే అన్నీ తెలిసిపోతాయి. చిన్న తొట్టిని ఊటనీళ్లతో ఎప్పటికప్పుడు నింపి పొర్లించడం తేలిక. ఈతకొలనంత తొట్టికి అంత ఊట దొరకదు కాబట్టి ఎక్కువచోట్ల వడకట్టి, క్లోరిన్ వేసి తిప్పుతారు. సరిగ్గా చేస్తే అదీ తప్పు కాదు. సరిగ్గా చెయ్యనివాళ్లూ ఉంటారని 2023లో ఫుకుఒకాలో బయటపడింది. ఒక పాత ర్యోకాన్‌లో వారానికోసారి మార్చాల్సిన నీళ్లు ఏడాదికి రెండుసార్లే మార్చారు. కాబట్టి చిన్నదైనా పాతదైనా, పేరు చూసి నమ్మేయకండి. సొంత తొట్టి ఉన్న గదుల్లోనూ కొన్నింటికి వచ్చేది ఒన్‌సెన్ కాదు, కుళాయి నీళ్లు కాచి పంపిస్తారు. అంత డబ్బు పెట్టేముందు ఆ ఒక్క ముక్కా అడగాలి.

సముద్రపు ఒడ్డున చాలా ఊటలు ఉప్పగా ఉంటాయి. చర్మం మీద మిగిలే ఉప్పు ఒంట్లో వేడిని త్వరగా పోనివ్వదు, బయటికొచ్చాక కూడా చాలాసేపు వెచ్చగా ఉంటుంది. బీపీ ఉన్నవాళ్లకు ఇది చూసుకోవాల్సిన విషయం. 42 డిగ్రీల నీళ్లలో ఐదారు నిమిషాలు చాలు, తర్వాత మంచినీళ్లు తాగాలి. కషికిరిలో చన్నీళ్ల కుళాయి ఉంటే మనకు సరిపడా చల్లార్చుకోవచ్చు, అందరూ కూర్చునే తొట్టిలో అలా చేస్తే బాగుండదు. కానీ పెద్దవాళ్లను గడియ పెట్టుకుని ఒంటరిగా మాత్రం వెళ్లనివ్వకండి. కళ్లు తిరిగి పడిపోతే, పెద్ద స్నానశాలలో అయితే చూసేవాళ్లుంటారు. గర్భిణులు దిగకూడదనే పాత హెచ్చరికను పర్యావరణశాఖ 2014లో తీసేసింది, అయినా డాక్టరును అడిగే వెళ్లడం మంచిది.

ఇక ఆ మెలిక. రాత్రి ఆరింటికి చిన్న ర్యోకాన్‌లో వచ్చేది ఆ ఊరి సముద్రం మొత్తం: పచ్చి చేప ముక్కలు, కాల్చిన నత్తలు, సోయా చక్కెరలో ఉడికించిన కిన్మెదై అనే ఎర్రటి చేప. పొద్దున ఎండుచేప. పుస్తెలమ్మైనా పులస తినాలనే గోదావరివాళ్లకు ఇనతోరి కిన్మెదై నచ్చకుండా ఉండదు, కాస్త తియ్యగా ఉంటుందని గొణుక్కున్నా సరే. శాకాహారులకు మాత్రం ఇక్కడ కష్టమే. మిసో సూపు కూడా ఎండుచేప తురుముతో కాచిన నీళ్లతోనే చేస్తారు. వంటింట్లో ఉండేది ఇద్దరు ముగ్గురు, అందరికీ ఒకటే పళ్లెం. వెళ్లాక చెబితే పాపం వాళ్లు అన్నం, ఊరగాయ పెట్టి నొచ్చుకుంటారు. ఇంట్లో గట్టి శాకాహారులుంటే పెద్ద హోటల్ బఫేయే మేలు, ఏదో ఒకటి ఏరుకోవచ్చు. లేదంటే భోజనం లేకుండా గది మాత్రమే తీసుకుని పులిహోర కట్టుకెళ్లండి. చిన్న ర్యోకాన్లు కొన్ని దీనికి ఒప్పుకుంటాయి, ధర కూడా బాగా తగ్గుతుంది.

ధర గదికి కాదు, మనిషికి. ఇది తెలియక మొదటిసారి బిల్లు చూసి ఉలిక్కిపడేవాళ్లున్నారు. రెండు పూటల భోజనంతో చిన్న ర్యోకానూ పెద్ద హోటలూ మామూలు రోజుల్లో మనిషికి పన్నెండు నుంచి ఇరవై వేల యెన్ల మధ్య దొరుకుతాయి. సొంత తొట్టి గది ముప్పై వేలు దాటుతుంది. స్నానపు పన్ను సాధారణంగా 150 యెన్లు విడిగా కట్టాలి. పెళ్లిరోజుకు ఇద్దరే వెళ్తుంటే ఆ ఖరీదైన గది తీసుకోండి, తప్పులేదు. నలుగురైదుగురు వెళ్తే ఆ డబ్బుతో చిన్న ర్యోకాన్‌లో రెండు రాత్రులు ఉండొచ్చు.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఒకటి గమనించాలి. చిన్నచోట్ల లిఫ్ట్ ఉండకపోవచ్చు, పడక నేలమీద పరుపే. మంచం ఉన్న గదో, కింది అంతస్తు గదో బుక్ చేసేటప్పుడే అడగండి, ఉంటే తప్పకుండా ఇస్తారు. ఫిబ్రవరిలో ఇక్కడి కవాజు ఊళ్లో చెర్రీలు పూసే రోజుల్లో ఈ తీరమంతా కిటకిటలాడుతుంది, ఎనిమిది గదుల ర్యోకాన్లే ముందు నిండిపోతాయి. దారిలో ఆలస్యమైతే అతామి నుంచే ఫోన్ చేసి చెప్పండి, ఆరింటి భోజనాన్ని ఎనిమిదింటి దాకా వెచ్చగా ఉంచే వీలు వాళ్లకు ఉండదు.