ఓబీడీ డాంగిల్ రెండేళ్లు వాడాక: మైలేజీ అంకె కంటే కూలెంట్ అంకె మేలు

కారులో ఇంజన్ లోపాలు చూసే సాకెట్‌లో గుచ్చితే ఇంజన్ అంకెలను ఫోన్ యాప్‌లో చూపించే చిన్న పరికరమే ఓబీడీ డాంగిల్. దీన్ని ఎక్కడ గుచ్చాలి, ఫోనుకు ఎట్టా కలపాలి అన్నవి అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. రెండేళ్లు, 26 వేల కిలోమీటర్లు అయ్యాక ఇందులో నేను మనసారా మెచ్చుకునేది ఒక్కటే: కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) వేడిని అంకెలో చూపిస్తుంది. బండి 1.2 లీటర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, బీఎస్4. ఇట్టాంటి బండ్లలో చాలావాటికి డ్యాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లే ఉండదు. స్టార్ట్ చేస్తే నీలం లైటు, కాసేపటికి ఆరిపోతుంది. ఇంజన్ మరీ కాగిపోతే ఎర్ర లైటు. ఆ రెంటి మధ్య ఏం జరుగుతుందో చెప్పేవాళ్లు లేరు, మైలేజీ కారిపోయేదేమో అక్కడే.

హైవే మీద లీటరుకు 17 కిలోమీటర్లకు అటూ ఇటూ ఇచ్చే బండి 15.7కు దిగింది. యాప్ లెక్క కాదు, బంకు లెక్క: అదే బంకు, అదే పంపు, పంపు తనంతట తాను ఆగే మొదటి ఆటో కట్‌కే ఆపించి 320 కిలోమీటర్లు తిప్పి, మళ్లీ మొదటి కట్ దాకా పోయిస్తే 20.4 లీటర్లు పట్టింది. తర్వాతి రెండు ట్యాంకులూ అంతే. టైర్లలో గాలి 33 ఉంది. ఎయిర్ ఫిల్టర్ కొత్తది. బ్రేకు ఏ చక్రాన్నీ పట్టి ఉంచడం లేదు. జాకీ మీద లేపి తిప్పితే నాలుగూ తేలిగ్గానే తిరిగాయి. ఇక మిగిలింది ఇంజన్ వేడి.

డిసెంబరు పొద్దున నెల్లూరు మినీబైపాస్ సిగ్నళ్ల దగ్గర కూలెంట్ 84, 86 డిగ్రీలు చూపించింది. సరిగ్గానే ఉంది కదా అనిపిస్తుంది. కోవూరు దాటి హైవే మీద 90 కిలోమీటర్ల వేగంతో పోనిస్తే పది నిమిషాలకు 70 డిగ్రీలు. కావలి దగ్గరికి వచ్చేసరికి 63. టోల్ గేటు వరసలో ఆగితే నెమ్మదిగా పైకి, బయల్దేరగానే మళ్లీ కిందికి. ఇంజన్ కాగేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపేది థర్మోస్టాట్ వాల్వు. అది పనిచేసే బండిలో ఇట్టా జరగదు. 82 దగ్గర తెరుచుకునే వాల్వు ఉంటే, బాగా కాగిన ఇంజన్ హైవే మీద ఏ వేగంలోనైనా దాదాపు 82 నుంచి 92 లోపలే తిరుగుతుంది. గాలి తగిలేకొద్దీ అంకె పడిపోతుందంటే, నీళ్లు అడ్డూ ఆపూ లేకుండా రేడియేటర్ గుండా తిరుగుతున్నట్టే. 63 దగ్గర ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ఇంజన్ ఇంకా పూర్తిగా కాగలేదనుకుని పెట్రోల్ కాస్త ఎక్కువ వదులుతుంది. ఆయిల్ పలచబడదు, లోపల రాపిడి పెరుగుతుంది. నీలం లైటు మాత్రం అంతకన్నా తక్కువ వేడికే ఆరిపోయి ఉంటుంది. ఈ లోపానికి పీ0128 అనే కోడ్ ఉంది కానీ మా బండిలో అది పడనే లేదు. అంకె చూసి పట్టుకోవాల్సిందే.

వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయి ఉంటుందనుకుని దాని హౌసింగ్ (వాల్వు కూర్చునే గూడు) విప్పితే, లోపల అసలు వాల్వే లేదు. రబ్బరు రింగు ఒక్కటీ, దాని చుట్టూ తుప్పు రంగు బురద. అంతకుముందు రేడియేటర్ పని జరిగినప్పుడు తీసి పక్కన పడేశారు. చెప్పను కూడా చెప్పలేదు. నెల్లూరు నుంచి మార్కాపురం దాకా ఏ షెడ్డులో అడిగినా వినపడే మాటే: "మన ఎండలకి ఇదెందుకన్నా, తీసేస్తే ఇంజన్ చల్లగా ఉంటది." ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. కూలెంట్ బదులు ఉప్పు బోరు నీళ్లు పోస్తే వాల్వు తుప్పుపట్టి మూసుకుని ఉండిపోతుంది, ఇంజన్ కాగిపోతుంది. తప్పు నీళ్లది, శిక్ష వాల్వుకి. అడగకుండా తీసేయడం మాత్రం ఏ లెక్కన చూసినా నాకు కోపమే.

బిగించేవాళ్ల కోసం. కొత్త వాల్వును ముందు గిన్నెలో వేడినీళ్లలో దారానికి వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి చూడండి. అంచు మీద 82 అని ఉంటే ఆ దగ్గర్లో కదలాలి, నీళ్లు మరిగే లోపు మధ్యలోని పళ్లెం బాగా లేవాలి. ఇంజన్ పూర్తిగా చల్లారాకే విప్పండి. మా బండికి 10 నంబరు బోల్టులు రెండే. చిన్న రంధ్రంలో కదిలే పిన్ను ఉంటుంది, అది పైకి రావాలి; గాలి బుడగలు పోయే దారి అదే. రబ్బరు రింగు పాతది వాడొద్దు. ముందే నీళ్లు కలిపి అమ్మే కూలెంట్ పోసి, రేడియేటర్ మూత తీసి, హీటర్ ఫుల్ పెట్టి, పై గొట్టం చెయ్యి పెట్టలేనంత వేడెక్కేదాకా ఐడిల్‌లో ఉంచి, మట్టం తగ్గినప్పుడల్లా నింపాలి. గాలి మిగిలిపోతే అంకె ఎగిరెగిరి పడుతుంది.

బిగించాక అదే రోడ్డు మీద కావలి దాకా 86 నుంచి 90. మూడు ట్యాంకుల సగటు 16.9. నెలకు 1,200 కిలోమీటర్లు తిరిగే బండికి 5 లీటర్ల పైచిలుకు మిగులు.

కొన్న కొత్తలో యాప్ చూపే మైలేజీ అచ్చం నిజమని నలుగురికీ చెప్పా. ఆ మాట కొంచెం సవరించుకోవాలి. పైన చెప్పిన 320 కిలోమీటర్లకే యాప్ 18.7 లీటర్లు, అంటే 17.1 మైలేజీ చూపించింది. ఇంజన్ పీల్చే గాలిని అంచనా కట్టి, 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోల్ అని అది లెక్కేస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20కి (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) ఆ పాళ్లు సుమారు 13.5. అందుకే ఉన్నదానికన్నా తక్కువ పెట్రోల్ చూపించి సంబరపెడుతుంది. బంకు లీటర్లను యాప్ లీటర్లతో భాగించి, వచ్చిన 1.09తో యాప్ సెట్టింగులలో వాల్యూమెట్రిక్ ఎఫిషియెన్సీని (సిలిండర్ ఎంత శాతం గాలితో నిండుతుందనే అంకె) హెచ్చవేయాలి. మాకు 85 కాస్తా 93 అయింది. అప్పట్నుంచి దగ్గరగా ఉంది. డీజిల్ బండ్లలో గాలికీ ఇంధనానికీ స్థిరమైన పాళ్లు ఉండవు కాబట్టి ఈ గాలి లెక్కే పనికిరాదు.

కూలెంట్ అంకెనూ గుడ్డిగా నమ్మకూడదు. గొట్టం పగిలి నీళ్లన్నీ పోతే సెన్సర్ చుట్టూ గాలే ఉంటుంది, ఇంజన్ మాడుతున్నా తక్కువే చూపిస్తుంది. ఉన్నట్టుండి పడిపోతే బండి ఆపి, చల్లారాక మట్టం చూడండి.

ఒక నష్టం కూడా జరిగింది. ఆ సాకెట్‌లో 16వ పిన్నుకు తాళం తీసేసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. డాంగిల్ రోజంతా కాస్త కాస్త తాగుతుంది. 40 మిల్లీ ఆంపియర్లు అనుకున్నా రోజుకు ఒక ఆంపియర్ అవర్. 15 రోజులు కదలకుండా ఉన్న బండి, మూడేళ్ల బ్యాటరీ, సెల్ఫ్ తిరగలేదు. ఇప్పుడు దిగేటప్పుడు పీకి గ్లవ్ బాక్స్‌లో పడేయడమే.

నాది ఎక్కువగా హైవే తిరుగుడు, ముల్లు లేని పాత బండి, కాబట్టి పెట్టిన 900 రూపాయలు ఎప్పుడో తిరిగొచ్చాయి. టెంపరేచర్ ముల్లు ఉన్న బండికి, ఊళ్లో మూడు కిలోమీటర్లు తిరిగి వచ్చేవాళ్లకు ఇంత ఉపయోగం ఉండకపోవచ్చు. మైలేజీ కోసమే అయితే బంకు రసీదూ, ఓడోమీటరూ, చిన్న పుస్తకం చాలు. రేడియేటర్ పని ఈమధ్యే చేయించి ఉంటే మాత్రం, ఎవరిదైనా డాంగిల్ అడిగి తెచ్చుకుని ఒక్కసారి హైవే మీద కూలెంట్ అంకె చూడండి.