కయాక్‌పై తెడ్డును నిలిపి ఉంచడానికి క్లిప్పులు మేలా, సాగే తాడు మేలా?

కయాక్‌లో (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవలో) కూర్చుని గాలం వేస్తున్నప్పుడు గానీ, ఒడ్డు చేరి దిగుతున్నప్పుడు గానీ రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఒళ్లో అడ్డంగా పెట్టుకున్న తెడ్డు చిన్న అలకే జారిపోతుంది. గాలి వీస్తుంటే తెడ్డు ఒకవైపుకు, పడవ మరోవైపుకు కొట్టుకుపోతాయి. డెక్ (పడవ పైభాగం) మీద తెడ్డుకొక చోటు తప్పనిసరి.

ప్లాస్టిక్ క్లిప్పులతో పని త్వరగా అవుతుంది. డెక్ అంచున రెండింటిని బిగిస్తే, తెడ్డు కాడను ఒక్క చేత్తో నొక్కగానే టక్కున కూర్చుంటుంది. అయితే కాడల మందం సాధారణంగా 28 నుంచి 30 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది కనుక, క్లిప్పు కొద్దిగా వదులైనా తెడ్డు ఊడివస్తుంది, బిగువైతే తీయడానికి పెనుగులాడాలి, ఆ పెనుగులాటలో పడవ ఒరుగుతుంది. పైగా ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. నీళ్లలో పడి తిరిగి పడవెక్కేటప్పుడు పైకి పొడుచుకొచ్చిన క్లిప్పు ఛాతీకి గీరుకుంటుంది కూడా.

నేను సాగే తాడు వైపే మొగ్గుతాను. సుమారు 6 మిల్లీమీటర్ల తాడు ఒక కొసను డెక్ మీది కన్నపు బిళ్లకు (తాడు దూర్చేందుకు రంధ్రమున్న బిళ్లకు) ముడివేసి, రెండో కొసను కాడ మీదుగా లాగి ఎదుటి కొక్కేనికి తగిలిస్తే, కాడ సన్నదైనా లావుదైనా అది పట్టి ఉంచుతుంది. పట్టుకునే కొసకు ఒక పెద్ద పూసను గుచ్చి ముడి వేయండి. తడిచి మొద్దుబారిన వేళ్లకు ఆ పూస ఇట్టే దొరుకుతుంది. ఎండకూ ఉప్పునీటికీ తాడు సాగుడు తగ్గుతుంది గాని, కొత్తది వేసుకోవడం నిమిషాల పని. తెడ్డునే ఆసరాగా చేసుకుని నీళ్లలోంచి పడవెక్కాలంటే మాత్రం ఈ పట్టు చాలదు, దానికి గట్టి కట్టు వేరే ఉండాలి.

తెడ్డును పడవకు కలిపే లీష్ అనే తాడు నిశ్చలమైన నీటిలో ఉపయోగమే, కానీ అది తెడ్డును కదలకుండా ఉంచదు. విరిగిపడే అలల్లోనూ, ఉరవడిగల నదిలోనూ మనిషికి చుట్టుకునే ప్రమాదముంది.

ఏది బిగించినా రంధ్రం వేసే ముందు పడవలో కూర్చుని తెడ్డు వేసి చూడండి, పిడికిలి తగిలే చోటు తెలుస్తుంది. లోపలికి చెయ్యి అందే చోట స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టు, వెడల్పాటి వాషర్, నట్టు వాడాలి. అందని చోట, లోపల కాళ్లు విచ్చుకుని పరుచుకునే రివెట్లు మెత్తని ప్లాస్టిక్‌లో మామూలు రివెట్లకన్నా బాగా పట్టుకుంటాయి. రంధ్రం చుట్టూ సీలెంట్ (నీరు లోపలికి కారకుండా ఆపే పూత) పూయడం మరవకూడదు. ఆపై మోకాలి లోతు నీళ్లలో పడవను ఒకసారి బోర్లించి, తెడ్డు దాని చోటనే ఉందో లేదో చూసుకోవాలి.